పెళ్లయిన విద్యార్థిని సీటు పాడుచేస్తుందా?

డెంటల్ కాలేజీల్లో ఒక మాట ఏళ్ల తరబడి చెలామణీలో ఉంది. “పెళ్లి చేసుకుంటావా, పీజీ చేస్తావా? ముందు అది తేల్చుకో.” అనేవాళ్లు శత్రువులేం కారు. హెచ్‌ఓడీ మేడం అంటారు, హాస్టల్లో సీనియర్ అక్క అంటుంది, ఇంట్లో మేనమామ అంటాడు. అందరూ ఆ అమ్మాయి మేలు కోరే అంటారు. పెళ్లయి పీజీలో చేరిన అమ్మాయి నెల తప్పిందని తెలిస్తే ఈ మాట ఇంకాస్త ముదురుతుంది: “ఆ సీటు వేరే ఎవరికైనా వచ్చుంటే బాగుపడేవాళ్లు.”

ఈ వాదనను దాని బలం తగ్గించకుండానే చెప్పుకుందాం. పళ్ల వైద్యం చేతి విద్య, ఆరు నెలలు చెయ్యి ఆగితే పట్టు సడలుతుంది. పీజీ, అంటే ఎండీఎస్, మూడేళ్లూ పూర్తికాలం పని. సెమినార్లు, జర్నల్ క్లబ్బులు, డిసర్టేషన్, వీటన్నిటి మీద రోజూ ఓపీ. మధ్యలో కడుపూ కాన్పూ వస్తే ఆమె నలుగుతుంది, తోటి పీజీలు నలుగుతారు, సగంలో ఉన్న పేషెంట్లు ఇబ్బంది పడతారు. కాబట్టి చదువయ్యాక పెళ్లి, స్థిరపడ్డాక పిల్లలు. వినడానికి ఎంత సబబుగా ఉంది! దీంట్లో ప్రతి అంశంలోనూ రవ్వంత నిజముంది. ఆ నిజాల నుంచి లాగిన ముగింపు మాత్రం తప్పు.

ముందు సీటు సంగతి చూద్దాం, ఎక్కువగా గుచ్చుకునేది అదే గనక. చదివిన మనిషి వైద్యం చేయకపోతే సీటు పాడైనట్టని లెక్క పెట్టుకుంటే, ఆ లెక్క అందరికీ వర్తించాలి. బీడీఎస్ చేసి హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ కంపెనీలో చేరిన అబ్బాయి సీటు ఏమైంది? గ్రూప్స్ రాసి రెవెన్యూలోకి వెళ్లినవాడి సీటు? హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్ చదవడానికి అమెరికా వెళ్లి మళ్లీ పళ్ల జోలికే రానివాడి సీటు? వీళ్లను మనం “లైన్ మార్చుకున్నాడు, తెలివైనవాడు” అంటాం. ఆరు నెలలు ఆగి, బిడ్డను చంకనేసుకుని తిరిగొచ్చి, అదే కుర్చీ పక్కన నిలబడి రూట్ కెనాల్ చేసే అమ్మాయిని మాత్రం సీటు పాడుచేసిందంటాం.

పైగా సీట్లు ఏమంత కరువులో ఉన్నాయని? 2020-21లో దేశం మొత్తం మీద దాదాపు 7 వేల బీడీఎస్ సీట్లు ఖాళీగా మిగిలాయి. అర్హత పర్సంటైల్‌ను పది తగ్గించి వాటిని నింపమని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఎండీఎస్ కటాఫ్‌నూ ఆ తర్వాత ఒకటికి రెండుసార్లు దించారు. ఆర్థో, ఎండో లాంటి బ్రాంచీలకు పోటీ గట్టిగా ఉన్నమాట నిజమే. ఆ పోటీలో గెలిచే కదా ఆమె అక్కడికి వచ్చింది! ర్యాంకు తెచ్చుకున్న మనిషి చేతిలోని సీటు గురించి మనకింత దిగులు. తీసుకునే దిక్కులేక మిగిలిపోయిన సీట్ల గురించి ఒక్కరూ మాట్లాడరు.

నిబంధనల్లోనే ఇంకో చిత్రం ఉంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి బీడీఎస్ ఐదేళ్ల చదువు. దాన్ని పూర్తిచేయడానికి డెంటల్ కౌన్సిల్ ఇచ్చిన గడువు తొమ్మిదేళ్లు. అంటే అనాటమీ మూడుసార్లు తప్పి, సప్లీలు రాసుకుంటూ, అదనపు బ్యాచ్‌లో కూర్చుని, ఎనిమిదో ఏట బయటపడినా ఆ విద్యార్థి నిబంధనల ప్రకారమే చదివినట్టు. మంచిదే, ఉండాల్సిన వెసులుబాటే. తప్పినవాడికి నాలుగేళ్లు అదనంగా ఇవ్వగలిగిన వ్యవస్థకు, కన్నదానికి ఆరు నెలలు ఇవ్వాలంటే చదువు ప్రమాణాలు గుర్తుకొస్తాయెందుకు?

“చదువు అయ్యాక” అన్న మాటనూ కాస్త లెక్కేసి చూద్దాం. ఇంటర్ తర్వాత ఒక ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్ మన రెండు రాష్ట్రాల్లో మామూలు విషయం. అక్కడినుంచి నాలుగేళ్ల బీడీఎస్, ఏడాది ఇంటర్న్‌షిప్: 24 వచ్చాయి. నీట్ ఎండీఎస్‌లో మొదటిసారే కోరిన బ్రాంచి రావాలని లేదు, ఇంకో ఏడాది. ఎండీఎస్ మూడేళ్లు: 28. అప్పటికైనా చదువు అయ్యిందా అంటే, స్థిరపడటం మిగిలింది. కుర్చీ, కంప్రెసర్, ఎక్స్‌రే, ఆటోక్లేవ్, షాపు అడ్వాన్సు, వీటన్నిటికీ లోను. ఊళ్లో పేరొచ్చి, ఈఎంఐ భయం తగ్గేసరికి 32. గర్భం దాల్చే అవకాశం సరిగ్గా ఆ వయసు నుంచే మెల్లగా, 37 దాటాక వేగంగా తగ్గుతుందని ప్రసూతి వైద్యులు చెబుతారు. పక్క బిల్డింగులో మెడికల్ కాలేజీ గైనిక్ డిపార్ట్‌మెంట్ పాఠంగా చెప్పే విషయాన్ని డెంటల్ డిపార్ట్‌మెంట్ సలహా రూపంలో కొట్టిపారేస్తుంది.

త్వరగా పెళ్లి చేసుకోమని నేను ఎవరికీ చెప్పడం లేదు. అసలు వద్దనుకునేవాళ్లకూ, ముప్పై అయిదుకు చేసుకుంటాననేవాళ్లకూ నా దండం. నా అభ్యంతరమల్లా, ఎప్పుడు అన్నది ఆమె చేతిలో ఉన్నట్టు మాట్లాడటం మీద. వాస్తవంలో ఎలా జరుగుతుంది? ఫైనల్ ఇయర్‌లో ఉండగానే సంబంధాలు మొదలు. ఇంటర్న్‌షిప్ మంచి ముహూర్తమని పెద్దల లెక్క: పరీక్షలు ఉండవు, పేరు ముందు ‘డాక్టర్’ అని శుభలేఖలో వేయించుకోవచ్చు. పీజీలో చేరితే దానికి తగిన వరుణ్ణి వెతకాలి, కట్నం లెక్కలు మారతాయి, కాబట్టి ముందే కానిచ్చేద్దామంటారు. పెళ్లయిన మూడో నెల నుంచి అత్తగారి వైపు వాళ్లు, “విశేషం ఏమైనా ఉందా అమ్మా?” అని అడగడం మొదలుపెడతారు. కాలేజీకి వెళ్తే “ఇప్పుడే విశేషాలేమీ పెట్టుకోకు” అంటారు. తేల్చుకోమని ఇద్దరూ ఆమెకే చెబుతారు. ఏ ఒక్కదాన్నీ తేల్చుకునే వీలు మాత్రం ఇవ్వరు.

ఈ మాటకు ఒక కవల ఉంది. “ఆడపిల్లకు డెంటల్ హాయి. నైట్ డ్యూటీలుండవు, ఎమర్జెన్సీలుండవు, పెళ్లయ్యాక ఇంటి కింది గదిలోనే క్లినిక్ పెట్టుకోవచ్చు.” ఎంబీబీఎస్ సీటు తృటిలో తప్పిన అమ్మాయిల తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ రోజుల్లో దొరికే ఓదార్పు ఇది. క్లాసుల్లో అమ్మాయిలే ఎక్కువగా కనబడటానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం. సంసారానికి అనువైన చదువని చెప్పి చేర్పించి, సంసారం మొదలయ్యాక ఈ చదువుకు సంసారం పనికిరాదంటే ఎలా? అంత హాయి చదువైతే గర్భిణి ఇమడకపోవడమేమిటి? అంత కఠినమైనదైతే హాయి అని ఎందుకు అమ్మారు? రెండు మాటలూ ఒకే నోటినుంచి రావడం చూశాను.

ఎక్కడ ఇమడటం లేదో తెలియాలంటే క్లినిక్‌లోకి వెళ్లాలి. థర్డ్ ఇయర్ నుంచి విద్యార్థిని వెంటాడేది పుస్తకం కంటే కోటా. ఇన్ని పళ్లు పీకాలి, ఇన్ని ఫిల్లింగులు చేయాలి, ఇన్ని పళ్లసెట్లు కట్టాలి. ఒక్క పూర్తి పళ్లసెట్టు సంగతే చూడండి. ముందు బోసినోటి పెద్దాయన ఒకరు దొరకాలి. ఆయన తక్కువలో తక్కువ ఐదుసార్లు రావాలి. ఒక రోజు మొదటి అచ్చు. తర్వాత రెండో అచ్చు. ఇంకో రోజు పైదవడకూ కింది దవడకూ మధ్య కొలతలు. ఆపైన మైనంలో పళ్లు అమర్చి పెట్టి చూసుకోవడం. చివరికి సెట్టు తొడగడం. అప్పటికీ చిగురు ఒరుసుకుంటోందని మళ్లీ వస్తాడు. మూడో విడతకు ఆయనకు నాట్లు అడ్డమొస్తాయి, లేదా తీసుకొచ్చే కొడుక్కి సెలవు దొరకదు. ఫోన్లు చేసి బతిమాలి, ఆటో చార్జీలు జేబులోంచి ఇచ్చి పేషెంటును తెచ్చుకునే పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. ఆ పోస్టింగ్ వారాల్లో పని పూర్తికాకపోతే రికార్డు మీద సంతకం పడదు. సంతకం లేకపోతే పరీక్ష లేదు. పరీక్ష తప్పితే ఇంకో ఆరు నెలలు.

ఇక హాజరు. బీడీఎస్‌కు 75 శాతం, ఎండీఎస్‌కు ఏటా 80 శాతం. మిగిలిన 20 శాతం ఎంత ఉదారంగా లెక్కేసినా ఏడాదిలో రెండున్నర నెలలు దాటదు. ఉద్యోగం చేసే ఆడవాళ్లకు ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో జరిగిన సవరణ నుంచి, మొదటి ఇద్దరు పిల్లల దాకా 26 వారాల సెలవు హక్కు ఉంది. అదే డిపార్ట్‌మెంట్‌లో పాఠం చెప్పే అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఆ హక్కు ఉంది. పాఠం వినే విద్యార్థినికి లేదు. పీజీ అమ్మాయి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఓపీ నడిపినా, కాన్పు దగ్గరికొచ్చేసరికి ఆమె ‘స్టూడెంట్’ అయిపోతుంది. సెలవెంత, స్టైపెండు వస్తుందా రాదా, తిరిగొచ్చాక మళ్లీ ఫీజు కట్టాలా అన్నవి రాతలో తక్కువ, హెచ్‌ఓడీ మనసులో ఎక్కువ. మంచి మనిషి తగిలితే గట్టెక్కుతుంది. తగలకపోతే తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లాల్సిన పిల్ల తొమ్మిదో నెల దాకా హాజరు కోసం మెట్లెక్కుతుంది. కుదరదంటున్న మన పెద్దలు చూస్తున్నది దీన్నే. చూసి, గర్భం అడ్డమొచ్చిందంటారు. నాకైతే అడ్డంగా కనబడుతున్నది ఇరవై ఏళ్ల పెళ్లికాని కుర్రవాణ్ణి మనసులో పెట్టుకుని రాసుకున్న టైంటేబుల్.

“ఆమె క్షేమం కోసమే చెబుతున్నాం, క్లినిక్‌లో ఎక్స్‌రేలు, పాదరసం ఉంటాయి” అనేవాళ్లున్నారు. క్షేమం మీద నిజంగా శ్రద్ధ ఉంటే చేయాల్సింది వేరే. గర్భవతినని తెలిపిన ఉద్యోగిని కడుపులోని శిశువుకు సోకే రేడియేషన్ మిగతా నెలలన్నిటికీ కలిపి 1 మిల్లీసీవర్ట్ దాటకూడదని మన అణుశక్తి నియంత్రణ బోర్డు పరిమితి పెట్టింది. పంటి ఎక్స్‌రే తీసేటప్పుడు ఆరడుగుల దూరంలో, కిరణం దారికి పక్కగా, అడ్డు వెనక నిలబడితే ఆ పరిమితి దరిదాపుల్లోకి కూడా పోరు. మత్తుకు వాడే నైట్రస్ ఆక్సైడ్ సంగతి అంత తేలిక కాదు. మిగులు వాయువును లాగేసే ఏర్పాటు లేని గదుల్లో వారానికి ఐదు గంటలో, అంతకంటే ఎక్కువో గడిపిన డెంటల్ అసిస్టెంట్లలో గర్భధారణ ఆలస్యమైందని 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం చూపింది. దానికి విరుగుడు ఆ వాయువును లాగే పరికరం పెట్టడం, ఆ నెలల్లో ఆమె పోస్టింగ్ మార్చడం. పాదరసం కలిసిన పాత అమాల్గం ఫిల్లింగులు తవ్వే పనిని వేరొకరికి అప్పగించడం ఎంతసేపు? మోనోమర్ వాసన కొట్టే ల్యాబ్‌లో కిటికీకి ఒక ఫ్యాను బిగించడం ఎంత ఖర్చు? ఇవి చేస్తే మిగతా విద్యార్థులకూ, అక్కడే బతుకు గడిపే టెక్నీషియన్లకూ మేలే. ఆమెను ఇంటికి పంపిస్తే ఇవేవీ చేయనక్కర్లేదు కదా, క్షేమం పేరుతో అదే సులువనిపిస్తుంది.

గర్భిణి నోటి ఆరోగ్యం గురించి ఇదే చదువులో పాఠాలున్నాయి. హార్మోన్ల వల్ల చిగుళ్లు వాచి రక్తం కారడం, నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా చికిత్సకు అనువైన కాలమవడం, నెలలు నిండినామెను వెల్లకిలా పడుకోబెడితే కళ్లు తిరుగుతాయి గనక కాస్త ఎడమవైపుకు ఒరిగించాలనడం, అన్నీ వైవాలో అడుగుతారు. కుర్చీలో కూర్చున్న గర్భిణికి ఎన్ని జాగ్రత్తలో! కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చున్న గర్భిణి మాత్రం సిలబస్‌లో లేదు.

అవతలి వాదనలో నాకు గట్టిగా తగిలే అంశం ఒక్కటే: తోటి పీజీల మీద పడే భారం. ఒకరు లేకపోతే ఆమె ఓపీ, ఆమె పోస్టింగ్ మిగిలిన ఇద్దరి నెత్తిన పడుతుంది. వాళ్ల చిరాకు న్యాయమైనదే. కాని ఆ చిరాకు ఎవరి మీద చూపాలి? ఒక పీజీ సెలవు పెడితే డిపార్ట్‌మెంట్ కుంటుపడుతోందంటే, ఆ డిపార్ట్‌మెంట్ నడుస్తున్నది విద్యార్థుల చాకిరీతోనని అర్థం. తాత్కాలికంగా ఒక ట్యూటర్‌ను పెట్టుకోవడం యాజమాన్యం బాధ్యత. లక్షల్లో ఫీజులు తీసుకునే చోట అది తలకు మించిన ఖర్చేమీ కాదు. ఆ ఖర్చు మిగుల్చుకుని, ఇద్దరు ఆడపిల్లల మధ్య తగవు పెట్టి, చివరికి “ఆడవాళ్లతో ఇదే గొడవ” అనడం దగ్గర కథ ముగిస్తారు.

అబ్బాయిల సంగతీ చెప్పకపోతే ఈ చర్చ సగమే. ఎండీఎస్ రెండో ఏడాదిలో పెళ్లి చేసుకుని, మూడో ఏడాదిలో తండ్రయిన అబ్బాయిలు ప్రతి కాలేజీలో ఉంటారు. డిపార్ట్‌మెంట్‌లో స్వీట్లు పంచుతారు. పెళ్లి, పిల్లలు, చదువు మూడూ ఒకే మనిషిలో చక్కగా ఇమిడిపోతాయి. బిడ్డను ఎవరు చూస్తున్నారని అడిగేవాళ్లుండరు. ఎక్కడో భార్య చూస్తుంటుంది, బహుశా తన చదువు ఆపుకుని. పెళ్లీ చదువూ ఒకదానికొకటి పొసగవన్నది ప్రకృతి నియమమైతే ఈ అబ్బాయిల విషయంలో ఎందుకు పనిచేయడం లేదు?

చరిత్రలో దాఖలాలు కావాలంటే 1869కి వెళ్దాం. జర్మనీలో ఆడవాళ్లకు పళ్ల వైద్యం చదివే దారి లేక హెన్రియెట్ హిర్ష్‌ఫెల్డ్ ఫిలడెల్ఫియా వెళ్లి, మొదట వద్దన్న కాలేజీలోనే పట్టా పుచ్చుకుని, బెర్లిన్‌లో ప్రాక్టీసు పెట్టారు. ఆ తర్వాత పెళ్లి చేసుకున్నారు, ఇద్దరు కొడుకుల్ని కన్నారు, ప్రాక్టీసు మానలేదు. అంతకు మూడేళ్ల ముందు, 1866లో, అమెరికాలో డెంటల్ కాలేజీ పట్టా పొందిన మొదటి మహిళ లూసీ హాబ్స్ ఇంకో అడుగు ముందుకేశారు. పెళ్లయ్యాక భర్తకే ఆ వృత్తి నేర్పి, ఆయనతో కలిసి కాన్సస్‌లో ప్రాక్టీసు నడిపారు.

అంత దూరం ఎందుకు, మన ఇళ్ల నుంచే బయల్దేరిన పిల్లలున్నారు. ఇక్కడ బీడీఎస్ చేసి, హెచ్-1బి వరుణ్ణి పెళ్లాడి, హెచ్-4 మీద అమెరికాలో దిగిన తెలుగమ్మాయిలు ఎంతోమంది. అక్కడ మన పట్టాతో ప్రాక్టీసు కుదరదు. బోర్డు పరీక్ష, టోఫెల్, చేతిపని చూసే బెంచ్ టెస్టు దాటి, కోటి రూపాయలు మించే ఫీజుతో రెండు మూడేళ్ల అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ కోర్సు మళ్లీ చదవాలి. చంటిపిల్లతోనే ఆ పనిచేసినవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఇక్కడ పెళ్లయితే చదవలేదనుకున్న పిల్లే అక్కడ తల్లయి చదువుతోంది. ఆమె ఒళ్లు మారలేదు, చుట్టూ ఉన్న నియమం మారింది. 1972 నాటి టైటిల్ నైన్ చట్టం కింద, ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థ గర్భిణి విద్యార్థినికి డాక్టరు అవసరమన్నంత కాలం సెలవివ్వాలి, తిరిగొచ్చినప్పుడు వెళ్లేనాటి స్థానంలోనే చేర్చుకోవాలి. అమెరికా అంతా స్వర్గమని కాదు. ఉద్యోగినులకు జీతంతో కూడిన ప్రసూతి సెలవును దేశమంతటికీ ఇచ్చే చట్టం ఈనాటికీ లేని దేశమది. విద్యార్థిని విషయంలో మాత్రం మనకంటే ముందుంది.

మన దేశంలోనూ దారి లేకపోలేదు. పీహెచ్‌డీ చేసే మహిళలకు 240 రోజుల ప్రసూతి సెలవు యూజీసీ 2016 నుంచి ఇస్తోంది. డిగ్రీ, పీజీ విద్యార్థినులకూ నియమాలు చేసుకోమని 2021 డిసెంబర్‌లో యూనివర్సిటీలకు రాసింది. కేరళలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ 60 రోజులు, కేరళ యూనివర్సిటీ ఆరు నెలల దాకా సెలవు ప్రకటించాయి. కోర్టుల మీద ఆధారపడితే సరిపోదా అంటే, సరిపోదు. 2018లో గర్భం వల్ల హాజరు తగ్గిన ఒక లా విద్యార్థినికి ఢిల్లీ హైకోర్టులో ఊరట దొరకలేదు. 2023లో అదే హైకోర్టు ఒక ఎం.ఎడ్. విద్యార్థిని విషయంలో, చదువుకునే హక్కూ బిడ్డను కనే హక్కూ రెండిట్లో ఒకటి ఎంచుకోమనడం తగదని తీర్పు చెప్పింది. న్యాయమూర్తి మారితే ఫలితం మారే చోట, ఎనిమిదో నెల గర్భిణి లాయరు చుట్టూ తిరగాల్సిన పనిలేకుండా చేసేది రాసిపెట్టిన నియమమే.

ఆ నియమంలో మినహాయింపులు అడగడం లేదు. పది సెట్లు కట్టాల్సిన చోట ఆమె పదీ కట్టాలి. చెయ్యి పట్టు సడలిందనుకుంటే, తిరిగొచ్చాక ఫాంటమ్ హెడ్ అనే బొమ్మ తల మీద రెండు వారాలు సాధన చేయించి మరీ పేషెంటు దగ్గరికి పంపండి. మార్కులు కలపొద్దు, కేసులు తగ్గించొద్దు. సెలవులో గడియారం ఆపండి, తిరిగొచ్చాక ఆగిన చోటునుంచి నడపండి. ఆ కాలానికి మళ్లీ ఫీజు అడగొద్దు. చేసిన కేసులు చేసినట్టుగా లెక్కలో ఉంచండి. యాభైమంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో క్రెష్ ఉండాలని చట్టం ఎలాగూ చెబుతోంది, ఆ తలుపు విద్యార్థినులకూ తెరవండి.

డెంటల్ కౌన్సిల్ స్థానంలో నేషనల్ డెంటల్ కమిషన్‌ను తెచ్చే చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది. కొత్త కమిషన్ కొత్త నిబంధనలు రాసుకుంటుంది. ఆ నిబంధనల్లో విద్యార్థిని ప్రసూతి సెలవుకు ఒక పేరా ఉండాలని మన రెండు రాష్ట్రాల హెల్త్ యూనివర్సిటీలు, విజయవాడదీ వరంగల్‌దీ, ఇప్పుడే రాసి పంపాలి. ఆలోగా తమ పరిధిలో చేయగలిగింది చేయాలి. ఇక ఇంటర్న్‌షిప్‌లో ఉన్న కూతురికి సంబంధం చూస్తున్న తల్లిదండ్రులకు ఒక మనవి: పెళ్లిచూపుల్లో అబ్బాయి ప్యాకేజీ అడిగినట్టే, రేపు పీజీలో సీటొస్తే బిడ్డను రాత్రిపూట ఎవరు ఎత్తుకుంటారని కూడా అడగండి. సమాధానం అబ్బాయి నోటినుంచే రానివ్వండి.